సిమ్యులేటరులో చంద్రయాత్ర

నిర్వచనము

గురుత్వాకర్షణ, వాయునిరోధము, ఇంజను తోపుడు బలము, ఇంధనవ్యయము మొదలగు భౌతిక విషయములను క్షణక్షణము గణించుచు, వ్యోమనౌకను నడుపు అనుభవమును కంప్యూటరు తెరపై కల్పించు సాధనమునకు వ్యోమయాన సిమ్యులేటరు అని పేరు. అట్టి సాధనమున భూతలము నుండి బయలుదేరి, చంద్రుని చేరి, అచ్చట దిగి, మరల భూమిపై ముందుగా నిర్ణయించిన తావున దిగువరకు గల సమగ్ర ప్రయాణమును ఈ వ్యాసమున చంద్రయాత్ర అని వ్యవహరించుచున్నాము. చంద్రుని సమీపించుట మాత్రమే లక్ష్యమైనచో ఓర్పుగల అభ్యాసి త్వరలోనే దానిని సాధింపగలడు. రాకయు పోకయు కలిసినప్పుడే యాత్ర దుర్ఘటమగును. ఏలయన, ఇందలి ప్రతి దశయు తన తరువాతి దశచేత శాసింపబడును. భూమిపై దిగవలసిన తావు చంద్రుని విడువవలసిన దినమును, ఆ దినము చంద్రునిపై దిగవలసిన దినమును, అది భూకక్ష్యను వదలవలసిన గడియను నిర్ణయించును. కావున నేర్పరులైన చాలకులు ఈ యాత్రను చివరినుండి మొదటికి గణించి, మొదటినుండి చివరకు నడుపుదురు. ఈ వ్యాసమున ప్రయాణదశల వివరణయు ఆ విలోమక్రమముననే సాగును.

చరిత్ర

చంద్రయాత్రను నేలపై అనుకరించుట శిక్షణకొరకు పుట్టినదే గాని వినోదముకొరకు పుట్టినది కాదు. అమెరికా అపోలో కార్యక్రమమున హ్యూస్టన్‌లోను కెన్నెడీ కేంద్రములోను నెలకొల్పిన సిమ్యులేటరులలో వ్యోమగాములు వందలకొలది గంటలు గడపిరి. 1969 జూలై తొలి దినములలో జరిగిన ఒక అభ్యాసమున, శిక్షకులు చంద్రునిపై దిగు నౌకయగు లూనార్ మాడ్యూల్ కంప్యూటరుపై 1201 అను హెచ్చరికను కల్పింపగా, మార్గనిర్దేశ విభాగపు అధికారి స్టీవ్ బేల్స్ అవరోహణమును రద్దుచేయించెను. ఆ రద్దు అనవసరమని అభ్యాసానంతర విమర్శలో తేలినందున, ఏ హెచ్చరికలను ఉపేక్షింపవచ్చునో, వేనిని ఉపేక్షింపరాదో తెలుపు పట్టికను ఇంజనీరు జాక్ గార్మన్ సిద్ధపరచుకొనెను. జూలై 20న అపోలో 11 చంద్రునిపై దిగుచుండగా 1202, 1201 హెచ్చరికలు నిజముగనే వెలువడినప్పుడు, అవరోహణము కొనసాగవచ్చునని తత్‌క్షణము నిశ్చయించుటకు ఆ పట్టికయే ఆధారమయ్యెను. సిమ్యులేటరు చరిత్రలో ఇంతకంటె సార్థకమైన ఘట్టము మరియొకటి కానరాదు. మరుసటి సంవత్సరము ఏప్రిల్‌లో అపోలో 13 నౌకలో ఆక్సిజన్ తొట్టి ప్రేలినప్పుడు, చల్లారియున్న కమాండ్ మాడ్యూల్‌ను అత్యల్ప విద్యుత్తుతో మరల మేల్కొలుపు క్రమమును సరిచూచుటకు కెన్ మాటింగ్లీయు ఇతర వ్యోమగాములును హ్యూస్టన్‌లోని సిమ్యులేటరునే ఆశ్రయించిరి.

సామాన్యులకు ఈ విద్య మొదట అంతిమ ఘట్టపు రూపమున మాత్రమే అందినది. 1969లో మాసచూసెట్స్ రాష్ట్రమందలి లెక్సింగ్టన్‌లో ఉన్నత పాఠశాల విద్యార్థియైన జిమ్ స్టోరర్, పీడీపీ-8 కంప్యూటరుపై చంద్రావరోహణమును అనుకరించు ప్రోగ్రామును వ్రాసెను. అందు చిత్రములు లేవు, అంకెలు మాత్రమే కలవు. 1979లో అటారీ సంస్థ అదే ఘట్టమును రేఖాచిత్రములతో నాణెపు ఆటగా వెలువరించెను. 1994 నాటి మైక్రోసాఫ్ట్ స్పేస్ సిమ్యులేటర్ సౌరకుటుంబమంతటను విహరించు అవకాశమును గృహములకు తెచ్చినది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన మార్టిన్ ష్వైగర్ 2000లో ఉచితముగ విడుదలచేసిన ఆర్బిటర్, ఆద్యంత చంద్రయాత్రను నిష్ఠగా గణించి చూపిన సాధనములలో ప్రముఖమైనది. దాని మూలలిపి 2021లో అందరికిని తెరువబడినది. మెక్సికో నగరమందలి స్క్వాడ్ సంస్థలో ఫెలిపే ఫలాంగే రూపకల్పనచేసిన కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2011లో తొలిసారి జనులకు అంది, 2015లో పూర్ణరూపమును పొందెను. కక్ష్యాగతిశాస్త్రమును బడిపిల్లల సంభాషణలోనికి తెచ్చిన ఘనత దీనిదే అనవచ్చును.

రకములు

సిమ్యులేటరులను వాని గణనపద్ధతినిబట్టి విభజించుట సమంజసము. కెర్బల్ వంటివి ఒక్కొక్క క్షణమున ఒక్క ఖగోళమునే ఆకర్షణకేంద్రముగ గ్రహించును. నౌక చంద్రుని ప్రభావగోళమున ప్రవేశించినంతనే భూమి లెక్కనుండి తొలగును. పథములు శుద్ధమైన దీర్ఘవృత్తములు, అతిపరవలయములు అగుటచే ముందుగా గీచి చూపుటకు సులభము. ప్రిన్సిపియా అను అనుబంధమును చేర్చినచో ఈ పరిమితి తొలగి బహుగోళాకర్షణ గణింపబడును. ఆర్బిటర్ మొదటినుండియు అన్ని ప్రధాన గోళముల ఆకర్షణలను కూడి సంఖ్యాత్మకముగ సమాకలనము చేయును; గ్రహస్థానములకు వీఎస్‌ఓపీ87 అను గణితసిద్ధాంతమును అనుసరించును గనుక, ఏ చారిత్రక దినమునకైనను ఆకాశము సరిగా అమరును.

ఈ రెంటి కష్టములు భిన్నములు. కెర్బల్‌లోని గ్రహము వ్యాసార్ధము 600 కి.మీ. మాత్రమే, దాని ఉపగ్రహమగు మన్ భూమధ్యరేఖా తలముననే, 12,000 కి.మీ. దూరమున, వృత్తాకార కక్ష్యలో తిరుగును. నిజమైన చంద్రుడు 3,84,400 కి.మీ. సగటు దూరమున, భూమధ్యరేఖకు 18.3 మొదలు 28.6 డిగ్రీల వరకు మారుచుండు వాలుగల కక్ష్యలో చరించును. అందుచే కెర్బల్‌లో కక్ష్యాతలపు సమస్యయే పుట్టదు. ఆర్బిటర్‌లో అదియే ప్రథమ సమస్య.

ఆర్బిటర్‌లో కూడ నౌకనుబట్టి భేదము కలదు. దానితోపాటు వచ్చు డెల్టా-గ్లైడర్ భావికాలపు కాల్పనిక నౌక. దాని ఇంజనుల పొదుపు నేటి రసాయన ఇంజనులకు అసాధ్యము గనుక, చాలకుని లోపములను ఇంధనమే కప్పిపుచ్చును. ఎన్‌ఏఎస్‌ఎస్‌పీ అను అనుబంధము ఇందుకు పూర్తిగ విరుద్ధము. అది అపోలో నౌకను మీటలతో సహా పునర్నిర్మించి, రాన్ బర్కీ ఆరంభించిన వర్చువల్ ఏజీసీ ద్వారా నాటి కంప్యూటరు ప్రోగ్రామునే నడుపును. 36,864 పదముల స్థిరస్మృతియు 2,048 పదముల చరస్మృతియు గల ఆ కంప్యూటరుకు వెర్బ్, నౌన్ అను రెండు సంఖ్యల జతలతో ఆజ్ఞ లీయవలయును. చాలకునికి ఇచ్చట కక్ష్యాగణితముతోపాటు నాటి చెక్‌లిస్టుల పాండిత్యము కూడ ఆవశ్యకము.

వేగవ్యయము

యాత్రా కాఠిన్యమునకు తగిన కొలమానము దూరము కాదు, డెల్టా-వీ. అనగా ఇంజనులచే మార్చవలసిన వేగముల మొత్తము. సుమారు 320 కి.మీ. ఎత్తున భూమిని చుట్టుచున్న నౌకకు చంద్రునివైపు బయలుదేరుటకు సెకనుకు 3.1 కి.మీ., చంద్రకక్ష్యలో నిలుచుటకు 0.85, దిగుటకు 2.0, ఎక్కుటకు 1.85, మరలివచ్చుటకు 0.9, వెరసి సుమారు 8.7 కి.మీ. వ్యయమగును. ఎగ్జాస్ట్ వేగము సెకనుకు 3.1 కి.మీ. గల ఇంజనుతో ఒక్క నౌకయే ఇదంతయు చేయవలసినచో, అది బయలుదేరునప్పుడు తిరిగివచ్చునప్పటికంటె పదునారు రెట్లు మించిన బరువు కలిగియుండవలయును. మన్ యాత్రకు కక్ష్యనుండి అయ్యెడి వ్యయము 2.64 కి.మీ. మాత్రమే గనుక, అదే ఇంజనుతో ఆ నిష్పత్తి రెండున్నరకు లోపలనే యుండును. ఈ ఘాతీయ వృద్ధియే 1962 జూలైలో నాసా చంద్రకక్ష్యా సంధానపద్ధతిని (మాతృనౌక చంద్రకక్ష్యలో నిలువగా చిన్ననౌక మాత్రమే దిగి, మరల ఎక్కి దానిని కలియుట) ఎన్నుకొనుటకు ముఖ్యకారణము: నాసా ఇంజనీరు జాన్ హౌబోల్ట్ పట్టుదలతో వాదించినట్లు, ఇంటికి వచ్చుటకు కావలసిన ఇంధనమును, ఉష్ణకవచమును చంద్రతలమువరకు దింపి మరల ఎత్తుట వ్యర్థము.

ప్రయాణదశలు: భూవాతావరణ ప్రవేశము

చంద్రునినుండి వచ్చు నౌక సుమారు 122 కి.మీ. ఎత్తున సెకనుకు 11 కి.మీ. వేగముతో వాతావరణమును చేరును. అపోలో నౌకలు అచ్చట క్షితిజమునకు సుమారు 6.5 డిగ్రీల దిగువాలుతో ప్రవేశించెడివి. ఒక డిగ్రీకి మించిన భేదము సహింపబడదు. వాలు మిక్కుటమైనచో తాపమును గురుత్వభారమును దుస్సహమగును. చాలనిచో నౌక గాలిని ఒరసికొని మరల అంతరిక్షమునకు పోవును. ఈ నియమమును పథపు భాషలోనికి మార్చిచూచినచో దాని కఠినత స్పష్టమగును. వాతావరణమే లేదనుకొన్నచో నౌకపథము భూమికి అత్యంత సమీపించు బిందువు సుమారు 40 కి.మీ. ఎత్తున నుండవలయును; డిగ్రీ అటునిటు అయినచో అది సుమారు 10 మొదలు 60 కి.మీ. వరకు ఉండవచ్చును. కాని చంద్రుని దూరమున పథమునకు అడ్డుగ సెకనుకు ఒక్క మీటరు వేగభేదము కలిగినను ఈ బిందువు సుమారు 70 కి.మీ. జరుగును. తిరుగుప్రయాణమున దిద్దుబాటు మంటలు (ఇంజనును కొలదిసేపు మండించుటలు) తప్పనిసరి యగుటకు ఇదియే హేతువు. వానిని ఎంత ముందుగ చేసిన అంత చౌక.

సముద్రమున ఎచ్చటనో దిగుట చాలునన్నచో ఇంతటితో పని ముగియును. కేప్ కనావరల్ రన్‌వే వంటి నిర్ణీత స్థలమును చేరవలెనన్నచో రెండు నిబంధనలు అదనముగ చేరును. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును గనుక చేరు గడియ రేఖాంశముతో సరిపోవలయును. ప్రయాణకాలమును కొంచెము పెంచియో తగ్గించియో దీనిని సాధింపవచ్చును. అక్షాంశము అట్లు లొంగదు. తిరుగుపథపు భూసమీపబిందువు, విడిచిన వేళ చంద్రుడున్న దిక్కునకు ఇంచుమించు ఎదురుదిక్కున పడును గనుక, 28.5 డిగ్రీల ఉత్తరమున నున్న కేప్‌ను చేరుటకు, చంద్రుడు దక్షిణ క్రాంతిలో దూరముగ నున్న దినములలో అతనిని విడుచుట మేలు. అట్టి దినములు 27.3 దినముల కొకసారి వచ్చును.

చంద్రుని విడుచుట

తిరుగుప్రయాణపు మంట చంద్రుని ఆవలి పార్శ్వమున జరుగును. చంద్రుడు భూమి చుట్టు సెకనుకు సుమారు 1 కి.మీ. వేగముతో పోవుచున్నాడు; భూమిపైకి రాలుటకు నౌకకు మిగులవలసిన అడ్డువేగము సెకనుకు 200 మీటర్లకు లోపల. కావున నౌక చంద్రుని గమనమునకు వ్యతిరేకదిశలో విడివడి, చంద్రుడు తనకిచ్చిన వేగములో అధికభాగమును రద్దుచేసికొనవలయును. క్రొత్తవారు భూమివైపు ముక్కును త్రిప్పి ఇంజను మండింతురు. అది ఇంధనమును హరించుటయే గాని ఇల్లు చేర్చు మార్గము కాదు.

చంద్రునిపై దిగుట, ఎక్కుట

చంద్రునిపై గాలి లేదు. పారాషూటు గాని రెక్క గాని పనిచేయదు; 100 కి.మీ. ఎత్తున సెకనుకు 1.63 కి.మీ. గల కక్ష్యావేగమంతయు ఇంజనుతోనే తొలగింపవలయును. అపోలో పద్ధతిలో సుమారు 15 కి.మీ. ఎత్తునకు కక్ష్యను దించి, అచ్చటనుండి పన్నెండు నిమిషములపాటు నిరంతరముగ మండింతురు: పీ63 అను ప్రోగ్రాము వేగమును చంపును, పీ64 నౌకను నిలువునకు తెచ్చి కిటికీలో దిగుచోటును చూపును, పీ66 అంతిమావరోహణమును చాలకుని చేతికిచ్చును. ఆలస్యముగ మండించినచో నేల తాకును. ముందుగ మండించి తేలుచు దిగినచో, నిలుచున్న ప్రతి సెకనుకును చంద్రాకర్షణ 1.62 మీటర్ల వేగమునకు సరిపడు ఇంధనమును కాజేయును. ఈ రెంటి నడుమ గల సన్నని మార్గమును కనుగొనుటయే అవరోహణవిద్య.

స్థలమునకు తగిన కక్ష్య యుండుట అంతకంటె ముఖ్యము. ఆర్బిటర్‌లోని బ్రైటన్ బీచ్ స్థావరము సుమారు 41 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. కక్ష్య వాలు అంతకు తక్కువైనచో నౌక దానిమీదుగ ఎన్నడును పోదు. చంద్రుడు దినమునకు 13.2 డిగ్రీలు తిరుగును గనుక, నేడు కక్ష్య క్రిందనున్న స్థావరము రేపటికి ప్రక్కకు తొలగును. పైన మాతృనౌక ఎదురుచూచుచున్న యాత్రలో ఇది ప్రాణసంకటము. వాలును స్థావరపు అక్షాంశమునకు కొలదిగ మాత్రమే మించునట్లు ఉంచినచో, ఆ తావున నేలపై కక్ష్యారేఖ ఇంచుమించు తూర్పుపడమరలుగ సాగి, తొలగింపు మందముగ జరుగును.

వెలుతురును కూడ లెక్కింపవలయును. అపోలో యాత్రలు సూర్యుడు దిగుచోటున తక్కువ ఎత్తున, వెనుకనుండి వెలుగునట్లు దినమును ఎన్నుకొనెను. పొడవైన నీడలు లేనిచో గోతులును రాళ్ళును కానరావు. ఆ ప్రాతఃకాలము ఒక్కొక్క స్థలమునకు 29.5 దినముల కొకసారి వచ్చును. ఈ చక్రమును పైన జెప్పిన 27.3 దినముల క్రాంతిచక్రమును ఏకమైనప్పుడే వెలుతురులో దిగుటయు, ఉత్తరమందలి రన్‌వేను చేరుటయు రెండును కుదురును. అట్టి సంయోగము సంవత్సరమున ఒక ఋతువుననే కలుగును. బ్రైటన్ బీచ్ ఉదయమును కేప్ రన్‌వేను కూర్చిచూచినచో అది స్థూలముగ జూలై, ఆగష్టు నెలల ప్రాంతమున పడును. యాత్రాదినమును యథేచ్ఛగ ఎంచుకొనరాదనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము లేదు.

చంద్రకక్ష్యా ప్రవేశమును, భూమిని విడుచుటయు

చంద్రుని వెనుకకు చేరిన నౌక సెకనుకు సుమారు 2.45 కి.మీ. వేగముతో నుండును, ఆ వేగమును తగ్గింపనిచో చంద్రుడు నౌకను పట్టియుంచలేడు; 100 కి.మీ. ఎత్తు కక్ష్యకు దానిని 1.63కు తేవలయును. ఇంజను విఫలమైనను నౌక తనంతట భూమికి మరలివచ్చునట్లు రచించిన ఎనిమిది అంకె వంటి మార్గమును ఫ్రీ రిటర్న్ పథ మందురు. అపోలో 8, 10, 11 ఈ పథముననే పోయెను. అపోలో 13 దానిని వదలి మరియొక పథమున ప్రయాణించుచుండగా ప్రమాదము జరిగినందున, లూనార్ మాడ్యూల్ ఇంజనును మండించి మరల ఆ పథమునకు రావలసివచ్చెను.

భూకక్ష్యను విడుచు మంటలో సూక్ష్మత పరాకాష్ఠ నొందును. సెకనుకు 10.8 కి.మీ. వేగమున ఒక్క మీటరు ఎక్కువతక్కువ అయినను, పథపు దూరబిందువు సుమారు 4,000 కి.మీ. జరుగును, చంద్రుని వ్యాసార్ధమో 1,737 కి.మీ. మాత్రమే. చంద్రుని దూరమును సరిగ ముట్టు దీర్ఘవృత్తమున ప్రయాణము ఐదు దినములు పట్టును. వేగమును కొలదిగ పెంచుటచే అపోలో నౌకలు దానిని సుమారు మూడు దినములకు తగ్గించెను. ప్రయోగస్థలపు అక్షాంశమును బట్టి కూడ సౌకర్యము మారును. 28.5 డిగ్రీల కేప్‌నుండి చంద్రుని కక్ష్యాతలమును నేరుగ అందుకొనుట, ఆ తలపు వాలు గరిష్ఠమైన వత్సరములలో మాత్రమే సాధ్యము, 13.7 డిగ్రీల శ్రీహరికోట నుండి, ప్రయోగదిశపై ఆంక్షలు లేని సిమ్యులేటరులో, అది దినమునకు రెండు మారులు సాధ్యమగును.

అనుకరణ పరిమితులు

కాలమును వేగిరపరచు సౌకర్యము లేనిచో ఈ యాత్ర వారమునకు పైగా పట్టును. కాని సంఖ్యాత్మక సమాకలనము చేయు సాధనములలో కాలవేగమును పెంచినకొలది గణనాంతరములు పెద్దవై, పథము నిజమునుండి తొలగును. చంద్రుని సమగోళముగ గణించినచో తక్కువ ఎత్తు కక్ష్య ఎన్నాళ్ళైనను నిలుచును. వాస్తవమున చంద్రతలము క్రింద గల సాంద్రరాశులు దానిని చెరచును. అపోలో 16 యాత్రికులు 1972 ఏప్రిల్‌లో విడిచిన చిన్న ఉపగ్రహము సుమారు ఐదు వారములకే చంద్రునిపై కూలినది. ఇంజనుల మొరాయింపు, సంవేదకముల దోషము, రేడియో కొలతలలోని అనిశ్చితి అనువానిని సామాన్య సిమ్యులేటరులు విస్మరించి, నౌక ఉనికిని వేగమును చాలకునికి నిర్దోషముగ తెలుపును. నిజ యాత్రలో అవి తెలియుటయే సగము శ్రమ.

భారతీయ యాత్రలతో సంబంధము

ఆంధ్రప్రదేశమందలి శ్రీహరికోట నుండి 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3, అపోలోవలె ఒక్క మంటతో పోక, భూకక్ష్యను క్రమముగ పెంచుకొని ఆగష్టు 1న చంద్రునివైపు మరలి, 5న చంద్రకక్ష్యను చేరి, 23న దక్షిణ అక్షాంశము సుమారు 69 డిగ్రీల యొద్ద దిగెను. తక్కువ బలముగల ఇంజనుతో అనేక మంటలను ఒకే సమీపబిందువు వద్ద పేర్చు ఈ పద్ధతి, సిమ్యులేటరులో అభ్యసింపదగిన ప్రత్యేక విద్య. చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్‌లో మిగిలిన ఇంధనముతో ఇస్రో అదే సంవత్సరము అక్టోబరులో దానిని చంద్రకక్ష్యనుండి విడిపించి భూమిచుట్టు తిరుగు కక్ష్యకు మరలించెను. 2024 సెప్టెంబరులో కేంద్రమంత్రివర్గము అనుమతించిన చంద్రయాన్-4 చంద్రశిలలను భూమికి తెచ్చుటకు ఉద్దేశింపబడినది. దాని భాగములను రెండు ఎల్‌వీఎం3 రాకెట్లు మోసికొనిపోవలయును, కక్ష్యలో అవి సంధానము నొందవలయును. ఆ సంధానవిద్యను ఇస్రో 2025 జనవరి 16న స్పేడెక్స్ జంట ఉపగ్రహములతో భూకక్ష్యలో తొలిసారి సాధించినది.